ఒగ్గు చప్పుడు నడిచిన తొవ్వ

సంక్రాంతి పండుగ రోజుల్లో వరంగల్ నుంచి ఐనవోలు పోయే రోడ్డు రోడ్డంతా పసుపు పులుముకుంటుంది. నెత్తిన బోనం, నుదుట బండారి, చంకలో పిల్లాడు. ఎడ్లబండ్ల స్థానంలో ట్రాక్టర్లు, ఆటోలు వచ్చాయి కానీ జనం మాత్రం తగ్గలేదు. అక్కడి మల్లికార్జునస్వామి గుడి కాకతీయుల కాలం నాటిది. వారి మంత్రి అయ్యనదేవుడు కట్టించాడని చెబుతారు. గర్భగుడి ముందు అర్చకుల మంత్రాలు అర్చకులవే. ఆ మంత్రాలు గడప దాటగానే ఆగిపోతాయి. అక్కణ్నుంచి మండపాల్లోనూ చెట్ల కిందా వినిపించేదంతా ఒగ్గు చప్పుడే.

వరంగల్‌కు తనదంటూ ఒక బ్యాండ్ ఉందా అని ఎవరైనా అడిగితే, గిటార్ పట్టుకున్న కుర్రాళ్ల కోసం కాజీపేట కాలేజీ హాస్టళ్లలో వెతకనక్కర్లేదు. నలుగురో ఐదుగురో మనుషులు, నాలుగు వాద్యాలు, ముందు నిలబడి పాడుతూ ఆడుతూ పది పాత్రలు మార్చే ఒక గొంతు, రాత్రి తెల్లవార్లూ సాగే ఒకే ఒక్క కథ ఉన్న ఒగ్గు మేళాలు ఈ నేల మీద ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే వాటి చప్పుడు ఎప్పుడూ ఒక్కలా లేదు. మొదట్లో అది దేవుడిని పిలవడానికి, తర్వాత మనిషికి కథ వినిపించడానికి, ఇప్పుడు ఎక్కువగా కళ్లకు కట్టడానికి మోగుతోంది. గత డెబ్బై, ఎనభై ఏళ్లలో ఈ మూడు పనుల మధ్య బరువు ఎటు మొగ్గిందో చూస్తే ఒగ్గు చరిత్ర చాలావరకు తెలిసిపోతుంది.

ఒగ్గు అంటే నడుము సన్నగా ఉండే చిన్న చర్మవాద్యం. శివుడి చేతిలోని డమరుకానికి దగ్గరి చుట్టం. దాన్ని పట్టే హక్కు సంప్రదాయంగా కురుమ, గొల్ల కులాల పూజారులది. వాళ్లనే ఒగ్గు పూజారులంటారు. మేళంలో ఒగ్గుతో పాటు ఒక వైపు పుల్లతో, మరో వైపు చేత్తో వాయించే డోలు, కంచు తాళాలు ఉంటాయి. కొన్ని మేళాల్లో కంజీర, నపీర కూడా చేరతాయి. పరిమాణంలో ఒగ్గు అన్నిటికన్నా చిన్నది, చప్పుడులో డోలు అన్నిటికన్నా పెద్దది. అయినా మేళానికి పేరు చిన్నదాని మీదే వచ్చింది, ఎందుకంటే దేవుడితో మాట్లాడేది అదే. ఈ తేడా గుర్తుంచుకోవాలి. చివరికొచ్చేసరికి ఇదే తలకిందులవుతుంది.

మొదటి చప్పుడు పూర్తిగా కొలుపుది. గొర్రెలున్న ఇంట్లో మల్లన్నకు మొక్కు ఉంటే ఒగ్గు పూజారిని పిలుస్తారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి లాంటి రంగుపొడులతో నేల మీద పట్నం వేస్తాడు. ఆ గీతల్లో మల్లన్నకు, బలిజ మేడలమ్మకు, గొల్ల కేతమ్మకు పెళ్లి జరుగుతుంది. పెళ్లి జరగాలంటే పెళ్లికొడుకు పుట్టుక చెప్పాలి, పెళ్లికూతుళ్ల ఊళ్లు చెప్పాలి, అడ్డం తిరిగినవాళ్లు ఎలా దారికొచ్చారో చెప్పాలి. ఇక్కడ కథ తీరిక వేళ కాలక్షేపం కాదు, పూజలో ఒక భాగం. వినేవాళ్లు నిద్రపోయినా కథ ఆగదు, దేవుడు వింటున్నాడు కాబట్టి.

కొమురవెల్లిలో ఇదే తంతు పెద్ద ఎత్తున జరుగుతుంది. ఆ ఊరు ఉమ్మడి వరంగల్ జిల్లాలో చేర్యాల దగ్గర ఉండేది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక సిద్దిపేటకు వెళ్లింది. సంక్రాంతికి మొదలైన జాతర ఆదివారం ఆదివారం సాగి ఉగాదికి ముగుస్తుంది. గర్భగుడిలో కోరమీసాల మల్లన్నకు పూజ చేసేది వీరశైవ అర్చకులు. బయట గంగరేగు చెట్టు కింద భక్తుల మొక్కులకు పట్నాలు వేసేది ఒగ్గు పూజారులు. మహాశివరాత్రి రాత్రి పెద్దపట్నం వేసి, మేళం మోగుతుండగా దాన్ని తొక్కుతారు. ఇంతసేపు ఓపిగ్గా గీసిన రంగులన్నీ కాళ్ల కింద కలిసిపోతాయి. ఆ సమయంలో డోలు కొట్టే వేగం వేరు. శివసత్తులు ఊగిపోయేది ఆ దరువుకే. కథలో డోలు గొంతుకు తోడుగా నడుస్తుంది, పట్నం దగ్గర మాత్రం తానే ముందు పోతుంది. అంటే మేళంలో మొదటి నుంచీ రెండు స్వభావాలు ఉన్నాయన్నమాట.

ఈ చప్పుడు ఎంత పాతది? ఒగ్గు పేరుతో కాకపోయినా, దాని చుట్టాలు ఓరుగల్లు వీధుల్లో ఉన్నట్టు గట్టి సాక్ష్యం ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు తిరుగుతారు. కాకతి రాజ్యం 1323లో కూలింది. ఆ నగర వైభవం తలపుల్లో ఇంకా చెరిగిపోని రోజుల్లో పుట్టిన కావ్యమిది. రాసింది వల్లభరాయుడా శ్రీనాథుడా అని పండితులు చాలాకాలం వాదించుకున్నారు. వాదన ఎటు తేలినా, అందులో వినిపించే వీధి మాత్రం ఓరుగల్లుదే. అందులో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడుతుంది. ఏకవీరాదేవి ముందు నిలబడి ఒక బవనీడు వాద్యం మోగిస్తూ పరశురాముడి కథ పాడతాడు. మైలారదేవుడి గుడి దగ్గర భటులు నిప్పుల గుండాల్లో దూకుతారు, ఇనుప కొక్కేలకు వేలాడతారు.

ఆ మైలారదేవుడు వేరెవరో కాదు, మల్లన్నే. కొమురవెల్లి జాతరలో ఇప్పటికీ అగ్నిగుండాలు తొక్కుతారు. ఏకవీర గుడి వరంగల్‌కు దగ్గర్లోని మొగిలిచర్లలో ఇప్పటికీ ఉంది. పరశురాముడి తల్లి రేణుక ఎల్లమ్మ కథ ఇప్పటికీ ఒగ్గు మేళాల ముఖ్యమైన కథల్లో ఒకటి. బైండ్లవాళ్లు అదే కథను జమిడిక మీద పాడతారు. ఆరు వందల ఏళ్లలో రాజులు మారారు, భాషా కొంత మారింది. కథలు మాత్రం ఊరి పొలిమేర కూడా దాటలేదు. పేరిణి నృత్యాన్ని నటరాజ రామకృష్ణ రామప్ప శిల్పాలు చూసి, జాయప సేనాని నృత్తరత్నావళి చదివి తిరిగి నిలబెట్టాల్సి వచ్చింది. ఒగ్గుకు ఆ అవసరం పడలేదు. రాతిలోకి ఎక్కలేదు కాబట్టి దాన్ని రాతి నుంచి దించాల్సిన పనీ రాలేదు.

మల్లన్న ఒక్క తెలంగాణ దేవుడూ కాదు. మహారాష్ట్రలో ఖండోబా, కర్ణాటకలో మైలారలింగ ఆయనే. జేజూరిలోనూ గాల్లోకి పసుపు చల్లుతారు. దక్కన్ పీఠభూమి మీద గొర్రెలు మేసే దారులన్నిటి మీదా ఈ దేవుడున్నాడు. జర్మన్ పండితుడు గుంథర్ సొంథైమర్ జీవితంలో పెద్ద భాగం ఈ పశుపాలకుల దేవుళ్ల వెంట తిరుగుతూ గడిపాడు. మందతో పాటు నెలల తరబడి తిరిగే మనిషికి ముక్కలు ముక్కలుగా పాటలు చాలవు, రాత్రంతా నడిచే కథ కావాలి. పుట్టలోంచి గొర్రెలు ఎలా పుట్టుకొచ్చాయో చెప్పే కథ గొర్రెలు కాసేవాడికి పురాణమే కాదు, తన బతుకుకు దస్తావేజు కూడా.

రాత్రి కథ నడిచే తీరు చూడాలి. బోనాలు అయ్యాక, అన్నాలు తిన్నాక మేళం నిలబడుతుంది. మొదట గణపతినీ గ్రామదేవతలనూ తలుచుకుంటారు. తర్వాత ప్రధాన కథకుడు కథ ఎత్తుకుంటాడు. కొంత వచనం, కొంత పాట, మధ్యలో గుక్క తిప్పుకోకుండా లాగే ఒక దీర్ఘం. వెనక వంత పాడేవాళ్లు చివరి మాటను అందుకుంటారు. ఒకడు ఊ కొడతాడు, అడ్డు ప్రశ్నలు వేస్తాడు, పక్క ఊరి వ్యవహారం మీద చురక పెడతాడు. కథకుడి భుజం మీది కండువా ఒక క్షణం ఆడబిడ్డ కొంగు, ఇంకో క్షణం ఉయ్యాల్లోని బిడ్డ. కాలి గజ్జెలు కూడా ఒక వాద్యమే. యుద్ధం వచ్చినప్పుడు డోలు విజృంభిస్తుంది, ఏడుపు వచ్చినప్పుడు తాళం కూడా ఆగిపోతుంది. మధ్యలో చదివింపులు. ఎవరు ఎంత ఇచ్చారో పేరు పేరునా చెప్పి దీవిస్తారు. కథ ఒక రాత్రితో అయిపోవాలన్న రూలు లేదు. మల్లన్న కథ, కురుమల కులదేవుడు బీరప్ప కథ రాత్రుల తరబడి సాగుతాయి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పట్టవచ్చు. 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లో ఆర్ట్ రాక్ బృందాలు మూడు నిమిషాల పాట మీద తిరగబడ్డాయి. యెస్ అనే బృందం 1972లో ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ఆల్బమ్‌లో ఎల్.పి. రికార్డు ఒక వైపంతా ఒకే పాటతో నింపింది. ఆ పాట 18 నిమిషాల చిల్లర. 1974లో జెనెసిస్ బృందం రెండు రికార్డుల మీద ఒకే కథ నడిపింది. దాని గాయకుడు పీటర్ గాబ్రియల్ పాటకో వేషం మార్చి స్టేజీ ఎక్కుతుంటే పత్రికలు నోరెళ్లబెట్టాయి. వాళ్ల సాహసాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ సరిగ్గా ఆ ఏళ్లలోనే జనగామ చుట్టుపక్కల ఊళ్లలో ఒక కథకుడు ఏ రికార్డు కంపెనీ అనుమతీ లేకుండా రాత్రంతా ఒకే కథ నడుపుతూ, ఒంటి మీది బట్ట మార్చకుండానే పది మందిగా మారుతున్నాడు. ఆయన పేరు చుక్క సత్తయ్య.

సత్తయ్య 1935 మార్చి 29న పుట్టాడు. ఊరు లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం. అప్పటి వరంగల్, ఇప్పటి జనగామ జిల్లా. పద్నాలుగేళ్ల వయసులోనే ఒగ్గుకథ పట్టాడు. అంటే సుమారు 1949. అది మామూలు కాలం కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకీకి నేలకొరిగింది ఇదే జనగామ ప్రాంతంలో. కొమురయ్య కూడా ఒగ్గును మోసే కురుమ కులంలోనే పుట్టాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం దొరకు ఎదురు నిలిచింది కూడా ఇక్కడికి దగ్గర్లోనే. 1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన ముగిసింది, ఊళ్లలో పోరు మాత్రం 1951 దాకా సాగింది. ఆ నేల మీద, ఆ గొడవల మధ్య ఒక పిల్లవాడు దేవుడి కథ నేర్చుకున్నాడు.

ఆ రైతాంగ పోరాటం జానపద కళలను బాగా వాడుకుంది. కోస్తాలో షేక్ నాజర్ జంగం కథను బుర్రకథగా మలిచి ప్రజానాట్యమండలి వేదికలెక్కించాడు. తర్వాత 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. ఇటు సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను కమ్యూనిస్టు పార్టీ మాటకు తిప్పాడు. ఒగ్గు దారి వేరుగా పోయింది. బుర్రకథకు పార్టీ ఆసరాగా నిలిచింది, ఒగ్గుకు గుడి నిలిచింది. దాంతో ఒగ్గు నెమ్మదిగా మారింది, ఆలస్యంగా పట్టణం చేరింది. పార్టీతో వచ్చే వేగమూ దక్కలేదు, పార్టీ చీలితే పడే దెబ్బా తగల్లేదు. ఈ బేరంలో ఒగ్గుకే లాభం మిగిలిందని చెప్పుకోవచ్చు.

సత్తయ్య చేసిన పెద్ద పని కథను పట్నం గీతల నుంచి బయటికి తేవడం. మొక్కు ఉన్న ఇంటికే పరిమితమైన కథను మొక్కు లేనివాళ్లు కూడా టికెట్టు కొన్నంత ఆసక్తిగా వినేలా చేశాడు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలతో పాటు రామాయణ భారత కథలు కూడా ఒగ్గు కింద చేరాయి. దేవుడు వింటున్నప్పుడు కథకుడికి ఒక ధీమా ఉంటుంది. మనుషులు మాత్రమే వింటున్నప్పుడు ఆ ధీమా ఉండదు. విసుగొస్తే లేచి పోతారు. కాబట్టి అభినయం పెరిగింది, హాస్యం పెరిగింది, అడుగు వేగం పెరిగింది. ఏడిపించే చోట ఇంకాస్త ఏడిపించాల్సి వచ్చింది. మేళం మధ్యలోకి గొంతు వచ్చింది, ఒగ్గూ డోలూ ఒకడుగు వెనక్కి జరిగాయి.

ఆయన ఇచ్చిన ప్రదర్శనలు 12,000 పైమాటే అని చెబుతారు. అరవై ఏళ్లకు పైబడిన కళాజీవితానికి పంచితే ఏడాదికి సుమారు 200. అంటే ఏడాదిలో సగానికి పైగా రాత్రులు నిద్ర లేకుండా, గజ్జె కట్టి, నిలబడి గడిచాయన్నమాట. ఏ రాక్ బృందం టూర్ లెక్క తీసినా ఇది బెదరగొట్టే సంఖ్యే. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 2017 నవంబర్ 9న 82 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు.

ఆయన ఒక్కడే కాదు. వేములవాడ దగ్గర హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఎల్లమ్మ కథకు పెట్టింది పేరు. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల వేదిక మీద ఆయన ఒగ్గుకథ చెప్పాడు. 2010 నవంబర్‌లో పోయాడు. కరీంనగర్ వైపువాళ్లు రాములునూ, జనగామ వైపువాళ్లు సత్తయ్యనూ పైన కూర్చోబెడతారు. ఆ పంచాయితీ తెగేది కాదు, తెగాల్సిన అవసరమూ లేదు. ఇద్దరూ కలిసి ఒగ్గును కులం గడప దాటించి కళగా నిలబెట్టారన్నది మాత్రం నిజం.

చదువుకున్నవాళ్లు కూడా ఈ లోపు మేల్కొన్నారు. వరంగల్ జిల్లా దేవునూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో పరిశోధన చేసి 1956లో డాక్టరేట్ పొందాడు. తెలుగులో జానపదం మీద వచ్చిన మొదటి డాక్టరేట్ అది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పుట్టింది. దాని జానపద గిరిజన విజ్ఞాన పీఠాన్ని వరంగల్‌లో పెట్టారు. 1992లో వచ్చిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ ఒగ్గుకథకు ప్రత్యేకంగా చోటిచ్చింది. అప్పటిదాకా కురుమ వాడలో ఉన్న మాట పాఠ్యపుస్తకాల మాట అయింది.

చప్పుడు మీద అసలు దెబ్బ మాత్రం యంత్రాలది. మైకు రాకముందు కథకుడు నాలుగు దిక్కులా తిరుగుతూ చెప్పేవాడు, జనం చుట్టూ కూర్చునేవాళ్లు. మైకు స్టాండు వచ్చి అతణ్ని ఒక దిక్కుకు కట్టేసింది. జనం ఎదురుగా కూర్చున్నారు. గొంతు చించుకోవాల్సిన పని తప్పింది కాబట్టి సన్నటి మాటలకు, గుసగుసలకు చోటు దొరికింది. ఇది మంచికే జరిగింది. కానీ అదే మైకు పక్కన డోలు కొడితే మిగతావేవీ వినపడవు. చిన్న ఒగ్గు ముందు మాయమైంది. చూడ్డానికి చేతిలో ఉంటుంది, వినడానికి ఉండదు.

తర్వాత రేడియో, క్యాసెట్టు వచ్చాయి. ఆకాశవాణి కార్యక్రమంలో అరగంట దొరికితే గొప్ప. క్యాసెట్టు గంట, గంటన్నర. కథ కత్తిరించాల్సిందే. ఏది కత్తిరించాలి? వంశావళి ముందు పోయింది. ఊళ్ల పేర్ల వరసలు పోయాయి. ఊ కొట్టేవాడి చురకలు తగ్గాయి, ఎందుకంటే ఆ చురక ఆ ఊరికే అర్థమవుతుంది, క్యాసెట్టు అన్ని ఊళ్లకూ పోవాలి. మిగిలింది పెళ్లి, యుద్ధం, ఏడుపు. వీసీడీల కాలంలో జాతర అంగళ్లలో ఒగ్గుకథల డిస్కులు దేవుడి పటాల పక్కన అమ్ముడుపోయాయి. ఇప్పుడవే యూట్యూబ్‌లో భాగాలు భాగాలుగా ఉన్నాయి. విచిత్రమేమిటంటే యూట్యూబ్‌కు క్యాసెట్టుకున్న నిడివి పరిమితి లేకపోవడంతో పాత పొడుగు కొంత తిరిగొచ్చింది.

ప్రభుత్వాలు ఒగ్గును వేరే పనికి వాడాయి. కేంద్ర సమాచార శాఖ కింద 1954లో ఏర్పడిన గేయ, నాటక విభాగం దేశమంతటా జానపద బృందాలతో ప్రచారం చేయించింది. కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, టీకాలు ఇలా ప్రతి పథకానికీ ఒక కథ కావాలి. డోలు మోగించి జనాన్ని పోగుచేసి, నాలుగు మాటలు చెప్పి, ఇంటికి పంపేయడం. కళాకారుడికి నాలుగు డబ్బులు వచ్చేవి, అందుకు సంతోషించాలి. కానీ చిన్న కుటుంబం గురించి చెప్పే కథలో డోలుకు చేయడానికి పెద్దగా ఏముంటుంది? మొదట జనాన్ని పిలవడం, చివర దరువుతో ముగించడం, అంతే. డోలు పిలుపు వాద్యంగా మారడం ఇక్కడే మొదలైందని చెప్పవచ్చు.

2000ల్లో ఆ పిలుపుకు కొత్త బలం వచ్చింది. తెలంగాణ ఉద్యమం ధూంధాం వేదికల మీద ప్రాంతీయ కళలన్నిటినీ ఒక వరసలో నిలబెట్టింది. డప్పు, ఒగ్గు, కోలాటం, బోనం ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఒక్కొక్కరికి దొరికేది కొన్ని నిమిషాలు. వేల, లక్షల మంది కూర్చున్న మైదానంలో మల్లన్న పుట్టుక ఎవరు వింటారు? 2010 డిసెంబర్ 16న హన్మకొండ ప్రకాశ్‌రెడ్డిపేటలో జరిగిన మహాగర్జన లాంటి సభల్లో అంత దూరానికి చేరగలిగేది గొంతు కాదు, దరువే. ఒగ్గుకథ పక్కకు జరిగి ఒగ్గుడోలు ముందుకొచ్చింది. రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ సాంస్కృతిక సారథి పేరుతో ఉద్యమంలో పాడి ఆడిన 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. ఒగ్గుడోలు రాష్ట్ర వేడుకల్లో తప్పనిసరి అయింది.

ఇప్పుడు ఒగ్గుడోలు విన్యాసం ఎలా ఉంటుందో తెలంగాణలో చూడనివాళ్లు అరుదు. పది, ఇరవై మంది యువకులు, ఒకే రంగు పంచెలు, నడుముకు దట్టీలు, మెడలో డోళ్లు. వలయం తిరుగుతారు, ఎగిరి గెంతుతారు, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి గోపురం కట్టి పైనుంచి వాయిస్తారు. మంత్రి వచ్చినా, వినాయకుడు నిమజ్జనానికి పోయినా, పెళ్లికొడుకు గుర్రం ఎక్కినా వీళ్లుంటారు. సాధన లేనిదే ఆ గోపురం నిలబడదు. అంతమంది ఒక్క దరువు మీద ఉండటం చిన్న విద్యా కాదు. కానీ అందులో కథ లేదు, గొంతు లేదు. చాలాసార్లు ఒగ్గు కూడా లేదు. వెనక వరసలో నిలబడి కథకుడి కనుసైగ కోసం చూసే డోలు మనిషి ఇప్పుడు ముందు వరస హీరో. ముందుండే కథకుడికి పిలుపు తగ్గింది. మేళం పేరు మాత్రం చేతిలో లేని ఆ చిన్న వాద్యం మీదే నడుస్తోంది.

దీన్ని పతనమని తిట్టేవాళ్లున్నారు. ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోవడం కష్టం. పెద్దపట్నం తొక్కేటప్పుడు డోలు తన ఇష్టానికి తాను మోగిన సంప్రదాయం ముందే ఉంది. విన్యాసం ఆ కొసనే పట్టుకుని లాగింది. కులవృత్తి వదిలేసి పట్నం పోయే కుర్రాడు నెలకు నాలుగు ప్రదర్శనలు దొరికితే ఊళ్లోనే ఉండగలుగుతున్నాడు. అసలు పోయింది డోలు గౌరవం కాదు, శ్రోత ఓపిక.

ఓపిక పూర్తిగా చచ్చిపోలేదనడానికి 2023 మార్చిలో ఒక రుజువు దొరికింది. వేణు యెల్దండి తీసిన ‘బలగం’ సినిమా చివర్లో చావింట్లో ఒక కథకుల జంట పాట ఎత్తుకుంటుంది. థియేటర్లలో జనం ఏడ్చారు. ఊళ్లలో తెరలు కట్టి పంచాయతీలే ఆ సినిమా వేశాయి. ఆ జంట వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ. ఒగ్గువాళ్లు కాదు, బుడగ జంగాలు. అయినా వాళ్లదీ ఒగ్గు కథకుడిదీ ఒకే ఒడుపు. చనిపోయినవాడి గుణాలు ఒక్కొక్కటి పేర్చుకుంటూ, కూర్చున్నవాళ్ల పేర్లు తగిలిస్తూ, చిన్న వాద్యం మీద గొంతుకే పెద్దపీట వేసి నడపడం. ఎన్నో ఏళ్లుగా ఇళ్ల ముందు పాడిన గొంతులకు సినిమా ఒక్క నెలలో పేరు తెచ్చింది. మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో 2024 డిసెంబర్ 19న చనిపోయాడు. పేరొచ్చాక ఆయన బతికింది రెండేళ్లు కూడా లేదు.

పూర్తి నిడివి ఒగ్గుకథ వినాలంటే ఇప్పుడు రవీంద్రభారతికి పోయి లాభం లేదు. కురుమలు బీరప్ప పండుగ చేసే ఊరు వెతుక్కోవాలి. అది ఏటేటా వచ్చేది కాదు. ఊరి కురుమలంతా చందాలు వేసుకుని, ఆడబిడ్డలను పిలుచుకుని, కొన్నేళ్లకోసారి చేస్తారు. బీరప్పకు, కామరాతికి పెళ్లి జరగాలి. కామరాతి ఊరికే పెళ్లికి ఒప్పుకోదు కాబట్టి బీరప్ప ఆమె కోసం పడ్డ పాట్లన్నీ వరసగా చెప్పాలి. ఆ వరసలో ఏది వదిలినా పెళ్లి ముందుకు సాగదు, పెళ్లి కాందే పండుగ ముగియదు. అందుకే రోజుల తరబడి కథ నడుస్తుంది. దాన్ని చెప్పగలిగే మేళాన్ని నెలల ముందే మాట్లాడుకుంటారు. పగలు గుడి ముందు డోళ్ల విన్యాసానికి కుర్రాళ్లు వీడియోలు తీసుకుంటారు. రాత్రి కథ మొదలయ్యాక అదే డోళ్ల కుర్రాళ్లలో కొందరు వంత పాడటానికి వెనక నిలబడతారు. రేపు కథ పట్టబోయేవాడు వాళ్లలోంచే రావాలి. మాణిక్యాపురం పిల్లవాడు కూడా 1949లో అలా మేళం వెనక నిలబడే నేర్చుకుని ఉంటాడు.